బాకీ సర్కారుది, కుదువ విద్యార్థిది

కొన్నాళ్ల కిందట ఒక ఉదయం విశ్వవిద్యాలయంలోని నా గది ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. తాండూరు మండలంలోని ఒక ఊరి నుంచి పొద్దుటి రైలు పట్టుకొని వచ్చింది. తండ్రి నాపరాయి పాలిష్ చేసే చోట కూలి. తల్లి కంది చేలలో కూలి. ఆ ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి ఈ అమ్మాయే. పీజీ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంది, కోరుకున్న సీటు వచ్చింది. మూడు రోజుల్లో అసలు ధ్రువపత్రాలతో కళాశాలలో హాజరు కావాలి. ఆ పత్రాలు ఆమె చేతిలో లేవు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మార్కుల మెమోలు, టీసీ అన్నీ ఆమె చదివిన ప్రైవేటు కళాశాల బీరువాలో ఉన్నాయి. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు గనుక ముప్పై వేల పైచిలుకు కడితేనే పత్రాలు ఇస్తామని అక్కడివారు చెప్పారు. ప్రభుత్వం డబ్బు ఇచ్చిన నాడు ఆ మొత్తం తిరిగి ఇస్తారట.

ఆ అమ్మాయి ఏడవలేదు, సాయం అడగలేదు. ఒక ప్రశ్న మాత్రం అడిగింది. ‘సార్, నేను గా కాలేజీకి బాకీ ఉన్ననా?’ ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు వెంటనే జవాబు దొరకలేదు. చట్టం ప్రకారం లేదు. లోకం ప్రకారం ఉంది. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరంలోనే కులం బతుకుతున్నది.

ఒక విద్యార్థి తాను చదివిన చదువుకు రుజువు ఇమ్మని విశ్వవిద్యాలయాన్నో కళాశాలనో అడగడం పైకి చూస్తే చాలా చిన్న విషయం. దరఖాస్తు, చలానా, సంతకం, ముద్ర. కులానికి ఇందులో చోటెక్కడిదని చాలామంది అడుగుతారు. ఆ కిటికీ దగ్గర ఎవరూ నీ కులమేమిటని అడగరు. నిజమే. అడగవలసిన అవసరం లేకుండానే కులం అక్కడ తన పని తాను చేసుకుపోతుంది.

ముందుగా పత్రాల సంగతి చూద్దాం. చదువు పూర్తయిన విద్యార్థికి కావలసినవి ఒకటి రెండు కాదు. సెమిస్టర్ మెమోలు, అన్నిటినీ కలిపిన కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజినల్ సర్టిఫికెట్, ఆ తర్వాత కాన్వొకేషన్ పట్టా, మరో విశ్వవిద్యాలయానికి వెళితే మైగ్రేషన్, విదేశానికి వెళితే ట్రాన్‌స్క్రిప్ట్. వీటిని విశ్వవిద్యాలయం ఇస్తుంది. టీసీ, బోనఫైడ్, ప్రవర్తన పత్రం కళాశాల ఇస్తుంది. మెమోలు విశ్వవిద్యాలయంలో తయారైనా సాధారణంగా కళాశాల ద్వారానే విద్యార్థికి చేరతాయి. మూడు తరాలుగా చదువుకున్న ఇళ్లలో ఈ తేడాలు అన్నం తిన్నంత సహజంగా తెలుస్తాయి. ఏది ఎప్పుడు తీసుకోవాలో తండ్రి చెబుతాడు, కార్యాలయంలో ఎవరిని కలవాలో పినతండ్రి చెబుతాడు. మా వైపు పిల్లలకు ఆ మాట చెప్పే మనిషి ఇంట్లో ఉండడు. మెమో చేతికొస్తే డిగ్రీ చేతికొచ్చినట్టే అనుకుంటారు. కాన్వొకేషన్ పట్టా అనేది వేరే ఉంటుందని, దానికి విడిగా దరఖాస్తు చేయాలని ఏ ఉద్యోగ నోటిఫికేషన్‌లోనో చదివి, గడువుకు వారం ముందు తెలుసుకునేవారిని నేను ఏటా చూస్తున్నాను.

తెలియకపోవడం ఒక ఎత్తు. తెలిసినా చేతికి రాకపోవడం మరో ఎత్తు. ఇప్పుడు తెలంగాణ పల్లెల్లో దళిత, గిరిజన, బీసీ విద్యార్థులను పీడిస్తున్నది ఈ రెండోదే.

దళిత విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాల పథకం 1944లో మొదలైంది. అప్పుడు డాక్టర్ అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడు. అది దయాధర్మంగా వచ్చినది కాదు, పోరాడి సాధించుకున్న హక్కు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి బోధన రుసుము చెల్లింపు బీసీ విద్యార్థులకూ విస్తరించింది. ఈ పథకాల వల్లనే నాపరాయి గనుల్లో, కంది చేలలో పనిచేసే తల్లిదండ్రుల పిల్లలు కళాశాల మెట్లెక్కారు. ఇది కాదనలేని చరిత్ర. పథకంలోని ఒప్పందం కూడా స్పష్టమైనదే. అర్హుడైన విద్యార్థిని కళాశాల చేర్చుకుంటుంది, రుసుము ప్రభుత్వం చెల్లిస్తుంది. ఇచ్చేది ప్రభుత్వం, పుచ్చుకునేది కళాశాల. విద్యార్థి ఈ లెక్కలో బాకీదారు కాదు, లబ్ధిదారు.

చెల్లింపు ఆగినప్పుడు ఈ లెక్క తలకిందులైంది. ఏళ్ల తరబడి బకాయిలు పేరుకుపోయాయి. ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వానికి వాటిని వారసత్వంగా అందించింది. 2024 అక్టోబరులో డిగ్రీ, పీజీ కళాశాలలు, 2025 నవంబరులో వృత్తివిద్యా కళాశాలలు బకాయిల కోసం మూతపడి ఆందోళన చేశాయి. కళాశాలల బాధ అబద్ధమని నేను అనను. తాండూరు, వికారాబాద్, పరిగి వంటి పట్టణాల్లో చిన్న కళాశాల నడుపుతున్నవారికి అధ్యాపకుల జీతాలు ఇవ్వడమే గగనమవుతున్నది. నెలల తరబడి జీతం లేకుండా పాఠం చెబుతున్న అధ్యాపకుల్లోనూ దళిత బహుజనులే ఎక్కువగా కనిపిస్తారు. ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చే శక్తి యాజమాన్యాలకు అంతగా లేదు. విద్యార్థి మీద ఒత్తిడి తెచ్చే శక్తి మాత్రం ఉంది. అందుకే బాకీ పడ్డవాడిని వదిలి, చేతికి చిక్కినవాడిని పట్టుకున్నారు.

2020 డిసెంబరులో కేంద్రం ఈ పథకాన్ని మార్చింది. ఎస్సీ విద్యార్థుల విషయంలో ఖర్చును 60:40 నిష్పత్తిలో రాష్ట్రాలతో పంచుకోవాలని, తన వాటాను నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో వేయాలని నిర్ణయించింది. దళారులు తొలగుతారన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే సొమ్ము విద్యార్థి ఖాతా గుండా కళాశాలకు చేరాలన్నప్పుడు, ఆ సొమ్ము ఆలస్యమైతే కళాశాల కళ్లకు బాకీదారుగా కనిపించేది విద్యార్థే. ప్రభుత్వ ఖజానా ఆలస్యానికి పద్దెనిమిదేళ్ల పిల్ల పేరు పెట్టినట్టయింది.

ఇలా పత్రాలను పట్టి ఉంచుకోవడం చట్టసమ్మతమా అంటే, కాదు. ప్రవేశ సమయంలో అసలు పత్రాలను చూసి సరిచూసుకొని వెంటనే తిరిగి ఇచ్చేయాలని, వాటిని కళాశాల దగ్గర ఉంచుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 అక్టోబరులో ఆదేశించింది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు మరో అడుగు వేశాయి. చదవదలచుకోని కోర్సుకు రుసుము కట్టించుకోవడానికి విద్యార్థి పత్రాలను పట్టి ఉంచడాన్ని అవి నేరుగా ఫిర్యాదు చేయదగిన విషయంగా పేర్కొన్నాయి. ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల కమిటీ ఉండాలన్నాయి. అందులో కనీసం ఒకరు మహిళ, కనీసం ఒకరు ఎస్సీ, ఎస్టీ లేదా ఓబీసీ వర్గానికి చెందినవారు ఉండాలన్నాయి. ఆపైన విశ్వవిద్యాలయ స్థాయిలో అంబుడ్స్‌పర్సన్‌ను నియమించాలన్నాయి.

కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి? ఇప్పుడు రోజులు లెక్కపెట్టండి. కమిటీ నివేదిక ఇవ్వడానికి పదిహేను పని దినాలు. దాని నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకోవడానికి మరో పదిహేను రోజులు. అప్పీలు తేల్చడానికి ముప్పై రోజులు. మొత్తం రెండు నెలలు. సమాచార హక్కు చట్టం కింద అడిగినా జవాబుకు ముప్పై రోజులు. నా గది ముందు నిలబడిన అమ్మాయికి ఉన్నది మూడు రోజులు. హక్కుకు రెండు నెలలు పడుతుంది, సీటు మూడు రోజుల్లో పోతుంది. న్యాయం ఆలస్యమైతే ఎవరికైనా నష్టమే. అయితే ఆ నష్టాన్ని అప్పు తెచ్చి పూడ్చుకోగలిగినవారు కొందరు, సీటుతో పూడ్చేవారు మరికొందరు. ఎవరు ఎటువైపు ఉంటారో వేరే చెప్పాలా?

ఈ సందర్భంలో నాకు 1976 నాటి వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం గుర్తుకొస్తుంది. బాకీ పేరుతో మనిషిని కట్టిపడేసే పద్ధతులకు దేశంలో ఎన్ని పేర్లున్నాయో ఆ చట్టం నిర్వచన భాగంలోనే వరసగా చెప్పింది. ఆ వరసలో భగేలా ఉంది, జీత ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. మా ప్రాంతపు పెద్దలకు ఇవి నిఘంటువు పదాలు కావు, సొంత తండ్రుల బతుకులు. ఆ చట్టంలోని ఏడో సెక్షన్ ఒక గొప్ప మాట చెప్పింది. అటువంటి బాకీ కింద తాకట్టులో ఉన్న ఆస్తి ఏదైనా ఆ తాకట్టు నుంచి విడుదలైనట్టేనని. కళాశాల బీరువాలోని మెమో వెట్టిచాకిరీ చట్టం పరిధిలోకి వస్తుందని నేను వాదించడం లేదు. ఆ చట్టం వెనుక ఉన్న నీతిని గుర్తుచేస్తున్నాను. మనిషి బతుకుదెరువును బాకీకి కుదువ పెట్టుకోరాదని ఈ దేశం యాభై ఏళ్ల కిందటే తీర్మానించుకుంది. భూమి లేని ఇంటి పిల్లకు మార్కుల మెమోయే ఎకరం పొలం. ఆ పొలాన్ని, అదీ పరాయి బాకీకి, కుదువ పెట్టుకోవడం ఏ నీతి?

రెండో అడ్డంకి పేరు. ఇది నా సొంత అనుభవం గనుక చెబుతాను. తాండూరు కర్ణాటక సరిహద్దు పట్టణం. మా వైపు మగవారి పేర్లు చాలావరకు ‘అప్ప’తో ముగుస్తాయి. అది గౌరవవాచకం. ఊరి దొరలు మాత్రం మాదిగవాడలోని మనిషిని ‘అప్ప’ అని పిలవరు. ఆ చోట ‘గ’ చేరుస్తారు, లేదా ‘గాడు’ అంటారు. నన్ను బడిలో చేర్చిననాడు అక్కడున్నవారు మా నాన్న పేరును ఊరు పిలిచినట్టే రాశారు. మా నాన్నకు చదువు రాదు. రాసింది చదివి ఇది నా పేరు కాదని చెప్పగలిగే స్థితి లేదు. చదవగలిగినా చెప్పగలిగే కాలం కాదు. అలా ఒక తిట్టు నా తండ్రి పేరై రిజిస్టరులోకి ఎక్కింది. రిజిస్టరు నుంచి పదో తరగతి మెమోలోకి, మెమో నుంచి డిగ్రీ పత్రాల్లోకి నడిచి వచ్చింది. రేషన్ కార్డులో మా నాన్న ‘అప్ప’. కుల ధ్రువపత్రంలో ‘అయ్య’.

చాలా ఏళ్ల తర్వాత ఒక కార్యాలయంలో నా పత్రాలు సరిచూస్తున్న ఉద్యోగి మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ‘వీళ్లలో మీ నాన్న ఎవరండీ?’ అని అడిగాడు. పక్కనున్నవారు నవ్వారు. ఆయన చెడ్డవాడు కాదు, నిబంధన ప్రకారం అడగవలసిందే అడిగాడు. ఆ కాగితాల్లో ఉన్నది అక్షరదోషం కాదని, అది ఊరి చరిత్ర అని ఆయనకు తెలియదు. నేను నోటరీ అఫిడవిట్ రాయించుకొని వెళ్లాను. ముగ్గురూ ఒక్కరేనని ప్రమాణం చేశాను. తన తండ్రి తన తండ్రేనని వంద రూపాయల కాగితం మీద ప్రమాణం చేయవలసిన అవసరం ఈ దేశంలో అందరికీ రాదు.

పేరుతో మనవాళ్లు చేసిన పోరాటం కొత్తది కాదు. హైదరాబాద్ సంస్థానంలో దళిత ఉద్యమానికి, బడులకు పునాది వేసిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డివర్మగా ప్రజల ముందు నిలిచాడు. ఊరు ఇచ్చిన పేరును కాదని తానెంచుకున్న పేరుతో నిలబడటం ఆ తరానికి ఆత్మగౌరవ ప్రకటన. ఈ తరానికి అదే పేరు వెరిఫికేషన్ బల్ల దగ్గర చిక్కుముడి. పదో తరగతి మెమోలో ఒక అక్షరం మార్చాలంటే చదివిన బడి ప్రధానోపాధ్యాయుడు, జిల్లా విద్యాధికారి, ప్రభుత్వ పరీక్షల విభాగం దాకా దస్త్రం నడవాలి. అది మారాకే విశ్వవిద్యాలయం తన పత్రాల్లో మారుస్తుంది. ఊళ్లో దొర నోటి నుంచి వచ్చిన ఒక్క అక్షరాన్ని చెరపడానికి ఇన్ని కార్యాలయాలు.

పేరుతో పాటు ఊరు కూడా మారింది. వికారాబాద్ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అంతకు ముందు తాండూరు, వికారాబాద్ రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. ఒకే పిల్లవాడి పాత పత్రం మీద రంగారెడ్డి, కొత్త పత్రం మీద వికారాబాద్. ఉద్యోగాల జోన్ల విషయంలోనూ వికారాబాద్‌ను మొదట జోగులాంబలో పెట్టి 2021లో చార్మినార్‌కు మార్చారు. స్థానికత తేల్చడానికి పాత రాష్ట్రపతి ఉత్తర్వుల్లో నాలుగు నుంచి పదో తరగతి దాకా చూసేవారు. 2018 ఉత్తర్వుల తర్వాత ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చూస్తున్నారు. ఊరు కదలకుండా ఒకేచోట చదివినవారికి ఇది ఒక కాగితం మార్పు మాత్రమే. రాతి పని వెతుక్కుంటూ సరిహద్దు దాటి సేడం, చిత్తాపూర్ వైపు వెళ్లిన కుటుంబాల పిల్లలకు అలా కాదు. రెండేళ్లు అక్కడ, మూడేళ్లు ఇక్కడ చదివినవారు ఒక్కో బడికి వెళ్లి ఒక్కో స్టడీ సర్టిఫికెట్ అడగాలి. అందులో ఒకటి కన్నడంలో ఉంటుంది.

మూడోది దూరం. తాండూరు నుంచి నగరానికి వంద కిలోమీటర్లకు పైమాటే. వికారాబాద్ జంక్షన్ మీదుగా రైలు ఉంది, బస్సు ఉంది. లేనిది ఒక రోజు కూలి వదులుకొని, ‘సార్ సెలవులో ఉన్నారు, సోమవారం రండి’ అనే మాట విని తిరిగి వెళ్లగల స్తోమత. ఆ మాట ఎంత ఖరీదైనదో చెప్పేవారికి తెలియదు. నేను కూడా ఆ మాట అన్నవాడినే. విభాగాధిపతిగా ఉన్నప్పుడు నో డ్యూస్ కాగితం మీద సంతకం కోసం వచ్చిన విద్యార్థితో, సమావేశానికి వెళ్లే తొందరలో ‘రేపు రా’ అన్నాను. ఆ పిల్లవాడు మర్నాడు రాలేదు. పది రోజుల తర్వాత వచ్చాడు. మధ్యలో ఎందుకు రాలేదని గద్దించాను. చార్జీలకు డబ్బు లేదన్నాడు. మా వాడ నుంచి వచ్చిన నేనే ఆ బల్లకు ఇవతల కూర్చోగానే అవతలివాడి రోజు విలువ మరిచిపోయాను. కనుక ఇది కేవలం ఎవరో చెడ్డవారి కథ కాదు. బల్ల అలా కట్టి ఉంది. ఎవరు కూర్చున్నా అటువైపు మనిషి చిన్నగా కనిపిస్తాడు.

ఇప్పుడంతా ఆన్‌లైన్ అయింది కదా అంటారు. అయింది, మంచిదే. జాతీయ విద్యా డిపాజిటరీ వచ్చింది, డిజిలాకర్ వచ్చింది. మెమో ఫోనులో కనిపిస్తే దాన్ని ఏ కళాశాలా బీరువాలో పెట్టి తాళం వేయలేదు. ఈ సాంకేతికతను దళిత బహుజనులు రెండు చేతులా ఆహ్వానించాలి. అయితే ఆధార్‌లో పేరు ఒకలా, మెమోలో మరోలా ఉంటే ఆ తలుపు కూడా తెరుచుకోదు. పాత సంవత్సరాల వారి మెమోలు అక్కడ కనిపించకపోవచ్చు. అన్నిటికీ మించి, ఫోనులో మెమో కనిపించినా సీటు ఇచ్చే చోట ‘ఒరిజినల్ టీసీ ఏది?’ అని అడిగినంతకాలం బీరువా తాళం విలువ తగ్గదు.

విదేశాల్లో చదవాలనుకునే పిల్లల సంగతి మరీ సున్నితం. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి వల్ల మా ఊళ్ల పిల్లలు సముద్రాలు దాటుతున్నారు. అక్కడి సంస్థలు విశ్వవిద్యాలయం ముద్ర వేసి, కవరు మూసి పంపిన ట్రాన్‌స్క్రిప్టులు అడుగుతాయి. గడువులు వాళ్లవి, ఆలస్యాలు మనవి. ఒక్క సంతకం ఆలస్యమైతే ఒక ఏడాది పోతుంది. ఆ ఏడాది పోతే, మరుసటి ఏటికి ఇంట్లో పెళ్లి మాట వస్తుంది, అప్పు మాట వస్తుంది, ఇక చాలన్న మాట వస్తుంది.

అంబేడ్కర్ జీవితంలోనే ఈ దూరం ఉంది. బరోడా సంస్థానం ఉపకార వేతనంతో, తిరిగి వచ్చి ఆ సంస్థానంలో పదేళ్లు కొలువు చేస్తానన్న ఒప్పందంతో ఆయన 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1915లో ఎం.ఏ. పూర్తి చేశారు. పరిశోధన కూడా ఆ రోజుల్లోనే సాగించారు. డాక్టరేట్ పట్టా మాత్రం 1927లో వచ్చింది. సిద్ధాంత గ్రంథం ముద్రిత ప్రతులు సమర్పించాలన్నది నియమం. ఆ గ్రంథం అచ్చయింది 1925లో. చదువుకోవడం ఒకటి, చదువుకున్నట్టు కాగితం చేతికి రావడం మరొకటి. తండ్రి ఆస్తి ఉన్నవారికి ఆ రెండూ ఒకే ఏడాది జరుగుతాయి. లేనివారికి మధ్యలో ఏళ్లు గడుస్తాయి. అదే అంబేడ్కర్‌కు ఉస్మానియా విశ్వవిద్యాలయం 1953 జనవరి 12న గౌరవ డాక్టరేట్ ఇచ్చి తనను తాను గౌరవించుకుంది. ఆయన అడగకుండానే పట్టా ఇచ్చిన నేల ఇది. ఆయన పిల్లలు అడిగి అడిగి కాళ్లరిగేలా తిరుగుతున్న నేల కూడా ఇదే.

ఇదంతా చిన్న చిన్న ఇబ్బందుల జాబితా అని కొట్టిపారేయవద్దని పాఠకులను కోరుతున్నాను. ఇందులో పణంగా ఉన్నది రిజర్వేషన్ హక్కు. 1994లో దండోరా మోగిన నాటి నుంచి మాదిగలు, ఉపకులాలు వాటా కోసం మూడు దశాబ్దాలు పోరాడారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ చట్టం అమలులోకి వచ్చింది. 59 ఎస్సీ కులాలు మూడు గ్రూపులుగా ఏర్పడి ఒకటి, తొమ్మిది, ఐదు శాతాల వాటాలు పొందాయి. చట్టసభలో గెలిచిన ఈ వాటా ప్రతి అభ్యర్థికీ చివరికి అందేది ఎక్కడ? ధ్రువపత్రాల పరిశీలన బల్ల దగ్గర. ఆ బల్ల దగ్గర ఒక్క టీసీ లేకపోతే, ఒక్క అక్షరం కలవకపోతే, వాటా ఉన్నా సీటు లేదు. మొదటి గ్రూపులోని అత్యంత వెనుకబడిన కులాల నుంచి ఒక ఊరికి ఒక్క డిగ్రీ విద్యార్థి వచ్చి ఉంటాడు. ఆ ఒక్కడి మెమో బీరువాలో ఉంటే ఆ కులం వాటా కూడా ఆ బీరువాలోనే ఉన్నట్టు. మూడు దశాబ్దాల పోరాటాన్ని ముప్పై వేల రూపాయల బాకీకి జమ కట్టుకోవడం ఇది.

నకిలీ ధ్రువపత్రాల బెడద ఉంది గదా, తనిఖీలు వద్దంటారా అని అధికారులు అడుగుతారు. తనిఖీ వద్దని ఎవరూ అనరు. నకిలీ పత్రాలు మొదట దెబ్బ కొట్టేది నిజాయితీగా చదివిన పేదవాడినే. అయితే తనిఖీ భారం ఎవరి మీద ఉండాలన్నది ప్రశ్న. రికార్డు విశ్వవిద్యాలయం దగ్గర ఉంది, పరీక్షల విభాగం దగ్గర ఉంది, రెవెన్యూ శాఖ దగ్గర ఉంది. ఈ మూడూ ప్రభుత్వం కింది సంస్థలే. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవలసింది పోయి, వాటి మధ్య జవానులా విద్యార్థి తిరుగుతున్నాడు.

చేయవలసినవి కష్టమైనవి కావు. మొదటిది, బోధన రుసుము బకాయిల చెల్లింపుకు తేదీలతో కూడిన ప్రణాళికను ప్రభుత్వం ప్రకటించి దానికి కట్టుబడాలి. జబ్బు మూలం అక్కడుంది. రెండోది, అర్హత పొందిన విద్యార్థి పత్రాలను బకాయి పేరుతో ఆపే కళాశాల మీద అనుబంధ గుర్తింపు విషయంలో విశ్వవిద్యాలయం చర్య తీసుకోవాలి. మూడోది, మెమోలను, ప్రొవిజినల్‌ను కళాశాల మీదుగా కాక నేరుగా విద్యార్థికి పంపాలి. టీసీ ఆపినచోట ప్రవేశాల సమయంలో విశ్వవిద్యాలయమే తాత్కాలిక ధ్రువీకరణ ఇచ్చి, సీటు పోకుండా చూడాలి. నాలుగోది, ప్రవేశాలు జరిగే వారాల్లో పత్రాల ఫిర్యాదులను రెండు రోజుల్లో తేల్చే ఏర్పాటు ఉండాలి. ఐదోది, వికారాబాద్, తాండూరు వంటి పట్టణాల్లోని ప్రభుత్వ కళాశాలల్లో వారానికి ఒకరోజు విశ్వవిద్యాలయ సేవా కేంద్రం నడపాలి. విద్యార్థి వంద కిలోమీటర్లు రావడం కన్నా ఒక ఉద్యోగి వెళ్లడం తేలిక. ఆరోది, తల్లిదండ్రుల పేర్లలోని తేడాలను ఒకే దరఖాస్తుతో, ఒకేచోట, ఉచితంగా సరిదిద్దే అవకాశం ఒక్కసారైనా ఇవ్వాలి. బడి రిజిస్టర్లలో తిట్లుగా నమోదైన మా తండ్రుల పేర్లను సరిచేయడం దయ కాదు, ఆలస్యంగా చేస్తున్న క్షమాపణ.

ఇక అధ్యాపకులుగా మనం చేయగలిగినది కూడా ఉంది. డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఒక గంట కేటాయించి ఏ పత్రం ఏమిటో, ఎవరు ఇస్తారో, పట్టి ఉంచితే ఏ నిబంధన కింద ఎవరికి రాయాలో చెప్పాలి. ఆ గంట ఏ సిలబస్‌లోనూ లేదు. మన పిల్లలకు అంతకన్నా అవసరమైన పాఠమూ లేదు.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు నేను నిబంధనలన్నీ ఉటంకిస్తూ దరఖాస్తు రాసిచ్చాను. కళాశాలవారితో ఫోనులో మాట్లాడాను. వారు మర్యాదగానే మాట్లాడారు, కమిటీలో పెడతామన్నారు. మూడో రోజు సాయంత్రం అమ్మాయి ఫోను చేసి సీటులో చేరానని చెప్పింది. దరఖాస్తు పనిచేసిందని సంతోషించబోయాను. ‘లేదు సార్, అమ్మ కమ్మలు కుదువ పెట్టి పైసలు కట్టినం’ అంది. కూతురి మెమో విడిపించడానికి తల్లి కమ్మలు కుదువకు వెళ్లాయి.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెబుతున్నాను. లేదమ్మా, నువ్వు ఎవరికీ బాకీ లేవు. బాకీ ఉన్నది ప్రభుత్వం. మీ అమ్మ కమ్మలు విడిపించవలసిన బాధ్యత కూడా దానిదే.

(వ్యాసకర్త విశ్వవిద్యాలయ ఆచార్యులు)